చీటీలు మోసిన చేతులు

తెలంగాణ సాయుధ పోరాటం అనగానే తుపాకులే గుర్తొస్తాయి. 1946 నుంచి 1951 దాకా సాగిన ఆ పోరాటానికి తుపాకి ఎంత అవసరమో, సమయానికి అందిన కబురూ అంతే అవసరం.

నైజాం సరిహద్దుకు దగ్గర్లో ఉన్న బెజవాడ అప్పట్లో ఆ పోరాటాన్ని నడిపిన కమ్యూనిస్టులకు ఆయువుపట్టు. వాళ్ల ప్రజాశక్తి పత్రిక ఇక్కడే అచ్చయ్యేది. 1948లో నిర్బంధం ముమ్మరమై పత్రిక మూతపడింది, నాయకులు అజ్ఞాతంలోకి వెళ్లారు. ఇక భారమంతా రహస్యంగా చీటీలు, కబుర్లు మోసే కొరియర్ల మీదే. పోలీసులు ఏ ఊళ్లో దిగారు, ఎటు కదులుతున్నారు, ఏ ఇంటి మీద నిఘా పడింది? ఈ సంగతులు వాళ్లే చేరవేయాలి. తెలంగాణ పల్లెల్లో పిల్లలు కూడా పోలీసుల రాకను కనిపెట్టి దళాలకు చెప్పేవారు.

రహస్య స్థావరాన్ని ‘డెన్’ అనేవారు. ఇరుగుపొరుగుకు అది మామూలు కాపురమే. పేరు మారేది, చుట్టరికం మారేది. నిన్నటిదాకా ముక్కూమొహం తెలియని వ్యక్తిని అన్నయ్యా అని పిలవాలి, ఎక్కడా తడబడకూడదు! 1918లో పామర్రులో పుట్టిన కమ్యూనిస్టు కార్యకర్త కొండపల్లి కోటేశ్వరమ్మ బిడ్డల్ని తల్లి దగ్గర వదిలి, ఊళ్లు మారుతూ ఇలాంటి బతుకే బతికారు. తన ఆత్మకథ ‘నిర్జన వారధి’లో ఆ కథంతా చెప్పుకున్నారు.

దొరికితే దెబ్బలు, జైలు. అనుమానం వచ్చినా చాలు. 1949లో కాటూరు, ఎలమర్రు గ్రామస్థులకు పోలీసులు చేసిన అవమానం కృష్ణా జిల్లా ఇంకా మరిచిపోలేదు.

ఇంత చేసినా, నాయకుల పేర్లు నిలిచినట్టు కొరియర్ల పేర్లు నిలవలేదు. ఆడవాళ్లకైతే మరీ అన్యాయం జరిగింది. 1986లో స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం వాళ్ల మాటల్నే ‘మనకు తెలియని మన చరిత్ర’ అనే పుస్తకంగా అచ్చు వేసింది. దొరికితే తప్పకుండా చదవండి.