మీ అండం తయారైంది అమ్మమ్మ కడుపులో!

మీరు ఏ అండం నుంచి పుట్టారో, అది ఎప్పుడు తయారైందో తెలుసా? మీ అమ్మ ఇంకా అమ్మమ్మ కడుపులో ఉన్నప్పుడు! ఆడపిల్ల అండాలన్నీ పుట్టకముందే ఏర్పడతాయి. ఐదో నెలకి 60–70 లక్షలు ఉంటాయి, పుట్టేసరికి 10–20 లక్షలే మిగులుతాయి.

మరి ఆ టైమ్‌లో తల్లికి తిండి తక్కువైతే? ఐర్లాండ్‌లో ఆవుల మీద చూశారు. చూడి తొలి నెలల్లో, వాటి ఒంటికి కావాల్సిన మేతలో 60 శాతమే పెట్టారు. దూడలు మామూలు బరువుతోనే పుట్టాయి. కానీ పెయ్యలు పెరిగాక స్కాన్ చేస్తే, అండాశయాల్లో ఫాలికల్స్ తక్కువ! మనుషుల్లోనూ అచ్చం ఇలాగే అని చెప్పలేం లెండి. కానీ పుట్టిన బరువు చూసి అంతా బాగుందనుకోవడానికి లేదు.

మనిళ్లలో ఏమంటారు? "ఎక్కువ తింటే బిడ్డ పెద్దదవుతుంది, కాన్పు కష్టం" అని కడుపుతో ఉన్నావిడకే అన్నం తగ్గిస్తారు. పైగా అందరూ తిన్నాక మిగిలిందే ఆమెకి. 2019–21 జాతీయ సర్వేలో మన గర్భిణుల్లో 52 శాతం మందికి రక్తహీనత!

ఐరన్ మాత్రలతో విరేచనం నల్లగా వస్తే చాలామంది భయపడి ఆపేస్తారు. అది మామూలే, ఆపొద్దు. టీతో మాత్రం వేసుకోవద్దు. మీ అక్కో వదినో కడుపుతో ఉంటే, ఇవాళ ఎన్నింటికి తిన్నదో, ఏం తిన్నదో ఒకసారి అడగండి.