పట్టేసిన టర్బోను విడదీయడం
(గ్యారేజీ పని నేర్చుకుంటున్న కార్మికుల తరగతిలో సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగం)



మిల్లు గేట్లు మూతపడ్డాక మనవాళ్ళు ఏయే పనుల్లోకి వెళ్ళారో మనకందరికీ తెలుసు. ముంబైలో 1982 జనవరి 18న మొదలైన మిల్లుల సమ్మె తర్వాత వేలాదిమంది మళ్ళీ మిల్లు మెట్లు ఎక్కలేదు. కొందరు భివండి సాంచెల మీదికి పోయారు, కొందరు గ్యారేజీల్లో చేరారు. నేడు షోలాపూర్‌లో కూడా మన పిల్లలు మగ్గం వదిలి పానా పట్టుకుంటున్నారు. పట్టుకున్న పని గట్టిగా నేర్చుకోవాలి. లేకపోతే అక్కడ కూడా చివరి కూలీ మనమే అవుతాము. ఈ రోజు డీజిలు కార్లలో చేతులకు దెబ్బలు తగిలించే పని ఒకటి తీసుకుందాం. పట్టేసిన టర్బోను విడదీయడం ఆ పని.

టర్బో అంటే ఏమిటి? ఇంజను వదిలే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రం గాలిని ఒత్తిడితో ఇంజనులోకి పంపుతుంది. మన రింగ్ ఫ్రేములో కదురు నిమిషానికి 15 నుంచి 20 వేల చుట్లు తిరుగుతుంది. టర్బో ఇరుసు లక్ష చుట్లు దాటుతుంది, చిన్న కార్లలో 2 లక్షలు కూడా దాటుతుంది. పొగ వేడి 700 డిగ్రీలు దాటవచ్చు. ఇంత వేగాన్ని, ఇంత వేడిని తట్టుకునేది బేరింగులో ఉన్న పలుచని నూనె పొర ఒక్కటే.

ఇది మూడు చోట్ల పట్టేస్తుంది. బయట స్టడ్లు, నట్లు వేడికి, తుప్పుకు బిగుసుకుపోతాయి. పొగవైపు గుల్లలో నడిమి భాగం అతుక్కుపోతుంది. లోపల పొగను మళ్ళించే చిన్న రెక్కలు, వాటినే వేన్లు అంటారు, మసి పేరుకుని కదలవు. మూడింటికీ మందు ఒకటి కాదు.

ముందుగా స్టడ్ల సంగతి. ఇంజను పూర్తిగా చల్లారనివ్వాలి. బ్యాటరీ వైరు తీసేయాలి. మరల మీది మసిని వైరు బ్రష్‌తో గోకి, తుప్పు వదిలించే నూనె పోసి వదిలేయాలి. రాత్రి పోసి పొద్దున విప్పితే ఇంకా మంచిది. ఆరు మూలల సాకెట్టు వాడాలి, పన్నెండు మూలలది నట్టును గుండ్రం చేస్తుంది. ముందు కొంచెం బిగించి, తర్వాత కొంచెం వదిలించి, మళ్ళీ బిగించి, ఇలా అటూ ఇటూ ఆడిస్తే మరలో తుప్పు పొడిగా రాలుతుంది. పానాకు పైపు తొడిగి ఒక్కసారిగా గుంజితే స్టడ్డు తెగుతుంది. తెగిన స్టడ్డును డ్రిల్లుతో తీయడం అరపూట పని.

అప్పటికీ రాకపోతే వేడి పెట్టాలి. వేడి నట్టుకు పెట్టాలి, స్టడ్డుకు కాదు. నట్టు సాగితే పట్టు వదులుతుంది. టార్చి వెలిగించే ముందు పోసిన నూనె తుడిచేయాలి. పక్కనున్న ప్లాస్టిక్ పైపులు, డీజిలు పైపులు తప్పించాలి. మంటలార్పే సిలిండరు చేతికందేంత దూరంలో ఉండాలి. క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనరు కొట్టిన చోట మంట పెట్టకండి. దాని నుంచి ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టవచ్చు. డబ్బా మీది రాత చదవడం కూడా పనిలో భాగమే.

రెండోది, గుల్ల. విప్పే ముందు రెండు భాగాల మీద గీత గీసి గుర్తు పెట్టుకోవాలి, మళ్ళీ అదే కోణంలో కూర్చోవాలి కదా. గుల్లను చుట్టూ సమానంగా వేడి చేసి, ఇత్తడి సుత్తితో ఒకసారి ఇటు, ఒకసారి అటు చిన్న దెబ్బలు వేయాలి. చక్రం కింద స్క్రూడ్రైవరు పెట్టి ఎత్తితే ఆ టర్బో అక్కడితో పోయినట్టే. రెక్క వంగినా, ఇరుసు వెంట్రుకవాసి వాలినా అంత వేగంలో నిలవదు.

మూడోది, వేన్లు. మసి కరిగించే ద్రవంలో నానబెట్టి, మెత్తని బ్రష్‌తో కడగాలి. ఉప్పు కాగితం వద్దు, సుత్తి వద్దు. లివరు వేలితో ఈ కొస నుంచి ఆ కొసకు ఆగకుండా కదలాలి. దాని హద్దు స్క్రూను ముట్టుకోకండి.

ఇరుసే బిగుసుకుపోతే? పక్కన పడున్న పానాతో తిప్పి వదిలించి మళ్ళీ బిగించమని సేటు చెప్పవచ్చు. అది మరమ్మతు కాదు. బేరింగులో నూనె మాడి బొగ్గయింది, అది గీరుకుపోయింది. నడిమి భాగం మొత్తం మార్చాలి. దాంతోపాటు నూనె వచ్చే పైపు మార్చాలి, ఇంజను ఆయిలు, ఫిల్టరు మార్చాలి. ఇంటర్‌కూలరులో నిలిచిన నూనె కడగాలి. ఆ నూనెను ఇంజను పీల్చుకుంటే తాళం తీసినా ఆగకుండా పరుగెత్తుతుంది. కొత్తది బిగించాక బేరింగులో నూనె పోసి, ఇంజను అందుకోకుండా కాసేపు క్రాంకు చేసి, ఆ తర్వాతే స్టార్టు చేయాలి. పాత కారణం వదిలేసి కొత్త టర్బో బిగిస్తే అదీ పోతుంది.

ఇక కూలి మాట. స్టడ్డు తెగితే దాని ఖర్చు హెల్పరు కూలిలో కోసే అలవాటు చాలా చోట్ల ఉంది. ఏళ్ళ తరబడి ఆయిలు మార్చని బండి స్టడ్డు తుప్పు పట్టడానికి హెల్పరు కారణమా? రాత్రంతా నానాల్సిన పనిని గంటలో ఇమ్మన్నది ఎవరు? 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలో ఉండిన ఒక మాట, పార్లమెంటు 2019లో ఆమోదించిన వేతనాల కోడ్‌లోనూ స్పష్టంగా ఉంది. నష్టం పేరుతో కూలి కోయాలంటే, అప్పగించిన వస్తువు పనివాడి నిర్లక్ష్యం వల్లే చెడిందని ఉండాలి, అతను చెప్పుకోవడానికి అవకాశం ఇవ్వాలి. మిల్లులో నూలు చెడిందని జాబరు జీతం కోస్తే మనం అడిగాం. గ్యారేజీలోనూ అడగాలి.

అడగాలంటే పని తెలిసి ఉండాలి. "ఈ నట్టు ఇప్పుడు విప్పితే తెగుతుంది, రేపు పొద్దునకు వస్తుంది" అని కారణంతో చెప్పగలిగినవాడిని సేటు తొందరపెట్టలేడు. విప్పకముందే బండివాడికీ, మేస్త్రికీ ఆ మాట చెప్పండి, జాబ్ కార్డు మీద రాయించండి. కళ్ళద్దాలు, చేతి తొడుగులు గ్యారేజీ ఇవ్వాలి, అడిగి తీసుకోండి. కూలి కోసినచోట తేదీ, మొత్తం రాసుకుని సంఘం ఆఫీసుకు రండి. ఒక్కరుగా కాదు, ఆ గ్యారేజీలో ఉన్న నలుగురూ కలిసి రండి.