మూసిన బ్యాటరీలోని లిథియము



మా గడ్డపోతారమున కర్మాగారముల షిఫ్టు మాఱు వేళకు చప్పుడు చేయని బ్యాటరీ బండ్లు వీధిలోనికి వచ్చును. రాత్రి వానిని గడపకడ్డముగ నిలిపి, తీగ తగిలించి, ఇంటివారు నిద్రింతురు. ఆ పెట్టె అంటుకొనునా యని మా వీధి పెద్ద యొకరు నన్నడిగిరి. నవ్వి త్రోసివేయదగిన ప్రశ్న కాదు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదున నొక వసతిగృహము క్రిందనున్న విద్యుద్వాహనముల అంగడిలో నిప్పు పుట్టి 8 మంది మరణించిరి.

పెట్టెలోని కోశమునందు రెండు పలకలు, నడుమ సన్నని తెర యుండును. విద్యుత్తు నింపునపుడు లిథియము ఒక పలకనుండి రెండవదానిలోనికి పోవును. బండి నడచునపుడు వెనుకకు మరలును. మితిమీఱిన వేగముతో నింపినను, మిక్కిలి చలిలో నింపినను, కొంత లిథియము లోనికి చొరక పైననే లోహముగ పేరుకొని నాచువలెను ముండ్లవలెను పెరుగును. ముల్లు తెరను చీల్చి ఎదుటి పలకను తాకెనేని నిప్పు పుట్టవచ్చును. చూతమని కోశమును విప్పిన, గాలి సోకి లిథియము మాఱిపోవును.

ఇచ్చట అక్కఱకు వచ్చునది కేంద్రక అయస్కాంత అనునాదమను విద్య. పేరు పొడవుగాని సంగతి సులభము. ఒకే శ్రుతిలోనున్న రెండు తంబురలలో నొకటి మీటిన రెండవది తాకకయే మ్రోగును. పరమాణుకేంద్రకమును బలమైన అయస్కాంతమునందుంచి తగిన రేడియో తరంగమును పంపిన అదియు నట్లే మారుపలుకును. ఈ ప్రసంగమును మీ చెవికి తెచ్చు తరంగములును ఆ జాతివే. అమెరికాలో పర్సెల్, బ్లాక్ అనువారు దీనిని వేర్వేరుగ కనుగొని 1952లో నోబెల్ బహుమానమును పంచుకొనిరి. ఆసుపత్రిలోని ఎం.ఆర్.ఐ. పరీక్షకు మూలమిదియే.

లోహముగనున్న లిథియము, లవణముగనున్న లిథియముకంటె పదిలక్షలకు సుమారు 250 వంతుల హెచ్చు శ్రుతిలో పలుకును. కావున మూసిన కోశములోనే రెండింటిని వేఱుగ వినవచ్చును. మఱియొక విశేషము. రేడియో తరంగము లోహములోనికి తలవెండ్రుక మందమంత లోతైనను పోజాలదు. అందుచే మందపు పలకలో పైపొర మాత్రమే పలుకును. సన్నని ముల్లు ఆసాంతము పలుకును. 2010లో రంగీత్ భట్టాచార్య, క్లేర్ గ్రే మొదలగువారు ఈ భేదము నాధారముగ గొని, పనిచేయుచున్న కోశములో ముండ్లెంత పెరిగినవో ఎప్పటికప్పుడు లెక్కగట్టిరి. ఇట్టి విద్యకు వలయు అయస్కాంతములు మన హైదరాబాదు చెంత గోపనపల్లిలోని టాటా పరిశోధన సంస్థయందును గలవు.

అయితే ఆ యంత్రము మన వాకిటి బండిని పరీక్షింపదు. ప్రయోగశాలలోని చిన్న కోశములు చెప్పినదానిని బట్టి, ఎంత వేగముతో నింపవచ్చునో, ఏ ద్రవము ముండ్లను తగ్గించునో నిర్మాతలు తేల్చుకొనవలెను. నన్నడిగిన పెద్దకు ఇంతయు చెప్పితిని. అంతయు విని, ఆయన మఱునాడే మనుమని బండిని గడపకడనుండి పెరటిలోనికి మార్పించిరి.