పరువు పరదా వెనుక: హస్తినాపురం చెప్పే పాఠం

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో సాధారణంగా డి.ఏ. బకాయిల గురించి, పే రివిజన్ గురించి, ఆస్పత్రి బిల్లుల గురించి మాట్లాడుకుంటాం. అవి మాట్లాడుకోవలసినవే. కాని పింఛను సకాలంలో వస్తూ, సొంత ఇల్లు ఉండి, పిల్లలు పెద్ద ఉద్యోగాల్లో స్థిరపడిన ఇళ్ళల్లో కూడా కొందరు పెద్దలు సుఖంగా లేరు. ఆ సంగతి వాళ్ళు ఏ అర్జీలోనూ రాయరు, ఎవరితోనూ చెప్పరు. ఎందుకు చెప్పరన్నదే ఈ రోజు నేను మాట్లాడదలచిన విషయం.

1972లో వచ్చిన ‘బడిపంతులు’ సినిమా మనలో చాలామంది చూశాం. ఎన్.టి. రామారావు గారు, అంజలీదేవి గారు నటించిన ఆ వృద్ధ దంపతుల కష్టం చూసి కంటతడి పెట్టుకున్నాం. అది ఒక పంతులు గారి ఇంటి కథ. లేమిలో వచ్చిన కష్టం నలుగురికీ కనబడుతుంది, నలుగురూ అయ్యో అంటారు. కలిమిలో వచ్చిన కష్టం కనబడదు. కనబడకుండా ఇంటివాళ్ళే పరదా కడతారు. ‘ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత’ అన్న సామెత అటువంటి ఇళ్ళను చూసి పుట్టిందే.

కలిమి గల ఇంట్లో ఈ పరదా ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే మహాభారతంలో ఆశ్రమవాస పర్వం చదవాలి. పద్దెనిమిది పర్వాల్లో అది పదిహేనవది. తెలుగులో తిక్కన గారి చేతి మీదుగా మనకు అందింది. ద్రౌపదీ వస్త్రాపహరణం, కర్ణుడి మరణం అందరూ చెప్పుకుంటారు గాని, యుద్ధం అయిపోయాక ఆ ఇంట్లో ఏం జరిగిందో ఎక్కువమంది చెప్పుకోరు. మనవంటి వయసు వాళ్ళం చదవవలసింది మాత్రం అదే.

యుద్ధంలో నూరుగురు కొడుకులనూ పోగొట్టుకున్న ధృతరాష్ట్రుడు, గాంధారి పాండవుల దగ్గరే ఉండిపోయారు. ధర్మరాజు వాళ్ళకు ఏ లోటూ చేయలేదు. పెద్దాయన మనసు నొప్పించినవాడు నాకు శత్రువే అని తమ్ముళ్ళకూ మంత్రులకూ గట్టిగా చెప్పాడు. పూర్వం వండిన వంటవాళ్ళే వండారు. పట్టుబట్టలు, ఆభరణాలు, పరుపులు ఎప్పటిలాగే అమర్చారు. ధృతరాష్ట్రుడు శిక్ష పడిన ఖైదీలను విడిచిపెట్టమంటే ధర్మరాజు మారుమాట అనలేదు. కుంతీదేవి గాంధారికి అత్తగారికి చేసినట్టు సేవ చేసింది. ద్రౌపది, సుభద్ర కూడా అలాగే చూసుకున్నారు. బయటినుంచి చూసినవాడికి అంతకంటే ఆదర్శ కుటుంబం ఉండదు.

లోపల జరిగింది వేరు. భీముడు పాత సంగతులు మరిచిపోలేదు. జూదం, సభలో ద్రౌపదికి జరిగిన అవమానం అతని మనసులో అలాగే ఉన్నాయి. అన్నగారి ముందు ఏమీ అనడు. చాటున మాత్రం తన మనుషుల చేత పెద్దాయన ఆజ్ఞలు చెల్లకుండా చేసేవాడు. ఒకనాడు మిత్రుల మధ్య కూర్చుని, ధృతరాష్ట్రుడికీ గాంధారికీ వినబడేలా జబ్బలు చరుచుకుని, ఈ గుడ్డిరాజు కొడుకులను చంపింది ఈ చేతులే అని చెప్పుకున్నాడు. ఆ మాట విన్న ముసలి దంపతులు ఎవరికీ చెప్పలేదు. ఈ వేధింపుల సంగతి ధర్మరాజుకు తెలియదు, అర్జునుడికి తెలియదు, రోజూ సేవచేసే కుంతికీ ద్రౌపదికీ తెలియదు.

ఇలా పదిహేనేళ్ళు గడిచాయి. అప్పుడు గాని ధృతరాష్ట్రుడు నోరు విప్పలేదు. నేను పూట తిని పూట తినకుండా, ఆకలి తీరేంత మాత్రమే తింటున్నాను, ఈ సంగతి గాంధారికి ఒక్కదానికే తెలుసు, అందరూ నేను మామూలుగా భోంచేస్తున్నాననే అనుకుంటున్నారు అన్నాడు. జపం పేరు చెప్పి నేలమీద దర్భల మీద పడుకుంటున్నానన్నాడు. ధర్మరాజు బాధపడతాడనే ఇన్నాళ్ళూ దాచానన్నాడు. అడవికి పోవడానికి అనుమతి అడిగాడు. మాట్లాడుతూనే నీరసంతో గాంధారి మీదికి ఒరిగిపోయాడు. ధర్మరాజు కుప్పకూలినంత పనయింది. మీరు పస్తులుంటే నాకు ఈ రాజ్యమెందుకు, ఇంత జరిగినా తెలుసుకోలేని నన్ను నేనే నిందించుకోవాలి అని ఏడ్చాడు.

మిత్రులారా, వడ్డించిన పంచభక్ష్యాల ముందు ఒక పెద్దాయన ఏళ్ళ తరబడి అర్ధాకలితో ఉంటే రాజభవనంలో ఒక్కరికీ తెలియలేదు. నేను చెప్పదలచినది ఇందులోనే ఉంది. ఆ ఇంట్లో బాధపెట్టినవాడు ఒక్కడు. బాధ తీర్చగలిగినవాడు ఇంటి యజమాని. కాని తీర్చగలిగినవాడికి తెలియకుండా దాచింది ఎవరో కాదు, బాధపడినవాళ్ళే.

ఇది మన ఇళ్ళల్లో జరగడం లేదా? ఊళ్ళో ఉన్న కొడుకు ఇంట్లో మాట పడుతున్నా, అమెరికా నుంచి కూతురు ఫోన్ చేస్తే ‘మాకేమమ్మా, బ్రహ్మాండంగా ఉన్నాం’ అంటాం. వీడియోలో కనబడేది ఆ కొత్త సోఫా, వెనకాల దేవుడి పటం. పెళ్ళిళ్ళకు వెళితే ‘మా కోడలు బంగారం’ అంటాం. ఆ మాట నిజమైతే సంతోషమే. నిజం కాకపోతే మాత్రం ఆ ఒక్క అబద్ధంతో మనకు సాయం చేయగల పదిమందిని దూరం చేసుకున్నట్టే. భార్యాభర్తల్లో ఒకరు తినకపోతే రెండోవారికి తెలుస్తుంది. గాంధారిలాగే వారూ చెప్పరు. ఆమె కళ్ళకు కట్టుకున్న గంత కన్నా ఈ నోటికి కట్టుకున్న గంత ఎక్కువ చేటు చేస్తుంది. ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అని ఇంటి సంగతి బయట పెట్టకూడదంటారు. ఇంట్లో వాళ్ళకే తెలియనివ్వని గుట్టు ఇంటికే చేటని హస్తినాపురం చెబుతోంది.

ఇక రెండో వైపు కూడా చూడాలి. తప్పంతా భీముడిదేనా? యుద్ధం ముగిసిన వెంటనే పెద్దాయన భీముణ్ణి కౌగిలించుకోవడానికి చేతులు చాచాడు. కృష్ణుడు ముందే పసిగట్టి ఇనుప బొమ్మను అందిస్తే అది ఆ కౌగిలిలో నుగ్గయింది. అంటే పైకి కౌగిలింతలు జరిగాయి, ఇరువైపులా లోపల మంట అలాగే ఉంది. కోడలిని నిండు సభకు ఈడ్చుకొచ్చిన నాడు చాలాసేపు పెదవి విప్పని ఇంటి పెద్ద ఆయనే. మన ఇళ్ళల్లోనూ అంతే. ఒక కొడుకును ఇంజనీరింగ్ చదివించి ఇంకొకణ్ణి ఆపేసి ఉంటాం. కూతురి వాటా సంగతి ఎత్తనివ్వకపోయి ఉంటాం. కోడలు కొత్తగా వచ్చినప్పుడు ఆమె పుట్టింటిని ఎత్తిపొడిచి ఉంటాం. ఇరవై ఏళ్ళ తర్వాత అదే మాట మనకు కంచం ముందు తిరిగి వస్తుంది. మనం చేసినదేమైనా ఉంటే, పెద్దవాళ్ళం గనుక ముందు మనమే ఆ మాట ఎత్తాలి. అంతమాత్రాన వయసు మళ్ళినవాళ్ళను చాటున వేధించడం న్యాయమైపోదు.

పిల్లలకు కూడా ఒక మాట. ధర్మరాజు మంచివాడు. ఆజ్ఞ ఇచ్చాడు గనుక అది జరుగుతోందనే అనుకున్నాడు. డబ్బు పంపుతున్నాం, పనిమనిషిని పెట్టాం, ఏసీ పెట్టించాం, ఇంకేం లోటు అనుకోవడం ఆ పొరపాటే. అందరి ముందూ ‘నాన్నగారూ, బాగున్నారా’ అని అడిగితే బాగున్నామనే అంటారు. వచ్చినప్పుడు ఒక గంట వాళ్ళతో ఒంటరిగా కూర్చోండి. కంచంలో ఏముందో చూడండి. మందుల సీసా ఎప్పుడు ఖాళీ అయిందో చూడండి. ఫోన్ ఎవరి దగ్గర ఉంటోందో, ఏ.టి.ఎం. కార్డు ఎవరి జేబులో ఉంటోందో అడగండి.

ఇక ఆచరణకు వద్దాం. మొదటిది, పదిహేనేళ్ళు ఆగకండి. ఇంట్లోగాని బయటగాని నమ్మకమైన ఒక్క మనిషికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. తోబుట్టువు కావచ్చు, పాత సహోద్యోగి కావచ్చు. దానివల్ల పరువు పోదు.

రెండవది, పింఛను ఖాతా, కార్డు, పింఛను పత్రాలు మీ చేతిలోనే ఉంచుకోండి. భార్యకు ఆ కాగితాలు ఎక్కడున్నాయో తెలియాలి, రేపు కుటుంబ పింఛనుకు తిరగవలసింది ఆమే.

మూడవది, ఇల్లు. పిల్లల మీద అనుమానంగా ఉందని లోకం అనుకుంటుందేమోనన్న మొహమాటంతో గిఫ్ట్ డీడ్ మీద సంతకం పెట్టేవాళ్ళున్నారు. వీలునామా మన తదనంతరం అమలవుతుంది, బతికున్నన్నాళ్ళూ మార్చుకోవచ్చు. రిజిస్టరైన గిఫ్ట్ డీడ్‌ను అలా మనంతట మనం వెనక్కి తీసుకోలేం. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దాని 23వ సెక్షన్ ప్రకారం, చూసుకోవాలన్న షరతు మీద ఇచ్చిన ఆస్తి విషయంలో, చూసుకోకపోతే ఆ బదిలీని రద్దు చేయమని కోరవచ్చు. ఆ షరతు ఉన్నట్టు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో స్పష్టం చేసింది. 2025 జనవరిలో మరొక కేసులో, చూసుకుంటానని కొడుకు రాసిచ్చిన కాగితాన్ని కూడా లెక్కలోకి తీసుకుని, తల్లి ఇచ్చిన గిఫ్ట్ డీడ్‌ను రద్దు చేసి ఇల్లు ఆమెకు తిరిగి అప్పగించమంది. కనుక ఇవ్వదలచుకుంటే ఆ షరతును దస్తావేజులోనే రాయించండి. కోడలికి కూడా ఆ ఇంట్లో నివాస హక్కు ఉండవచ్చనీ, రెండు చట్టాలనూ కలిపి చూడాలనీ 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అదీ గుర్తుంచుకోవాలి.

నాల్గవది, ఈ చట్టం కింద దరఖాస్తు చేయవలసింది ఆర్.డి.ఓ. గారి ఆధ్వర్యంలోని ట్రిబ్యునల్‌కు. ట్రిబ్యునల్ ముందుగా రాజీ అధికారికి అప్పగించి సర్దుబాటుకు ప్రయత్నించవచ్చు. మనం స్వయంగా వెళ్ళలేకపోతే మన తరఫున అధికారం పొందిన మనిషి గాని సంస్థ గాని దరఖాస్తు ఇవ్వవచ్చు. పోషణ ఖర్చుకు 2007 చట్టంలో నెలకు రూ. 10,000 వరకు పరిమితి పెట్టారు. సలహా కోసం 14567 నంబరు హెల్ప్‌లైన్ 2021లో దేశవ్యాప్తంగా మొదలైంది. కోర్టుకెక్కండని నేను చెప్పడం లేదు. దారి ఉందని తెలిస్తే మాట్లాడే ధైర్యం వస్తుందని చెబుతున్నాను.

ధృతరాష్ట్రుడు నోరు విప్పాక ఏమైందో కూడా చెప్పాలి. అడవికి వెళ్ళే ముందు కొడుకులకు శ్రాద్ధం పెట్టడానికి ధనం అడిగాడు. భీముడు బాహాటంగానే అడ్డు చెప్పాడు. అప్పుడు అర్జునుడు అన్నకు నచ్చజెప్పాడు, ధర్మరాజు భీముణ్ణి మందలించాడు. నా సొంత బొక్కసం నుంచి కావలసినంత ఇస్తాను, భీముడి మీద కోపం ఉంచుకోవద్దని విదురుడి ద్వారా పెద్దాయనకు కబురు పంపాడు. పదిహేనేళ్ళు దాగిన సంగతి బయటికి రాగానే దిద్దడానికి మనుషులు ముందుకు వచ్చారు. కాని అప్పటికి ఆ ముసలి మనసు విరిగిపోయింది, ఆగలేదు. గాంధారితో పాటు కుంతి కూడా అడవికి వెళ్ళిపోయింది. ముగ్గురూ అక్కడే దావాగ్నిలో పోయారు. మంచివాడైన ధర్మరాజుకు కన్నతల్లి కూడా దక్కలేదు.

ఆ ముందుకు వచ్చే మనుషులు మన ఇళ్ళల్లోనూ ఉన్నారు. ఆలస్యం కాకముందే వాళ్ళకు తెలియనిద్దాం.