వెలుగును బట్టు నూతన స్ఫటికము
(ఒక విద్యార్థిసభలో గావించిన యుపన్యాసము)



న్యాయవాదులకు రసాయనశాస్త్రముతో పనియేమని మీ రడుగవచ్చును. మన యింటికప్పులపైకి రానున్న పదార్థ మొకటి విషమును గూడ వెంటగొని వచ్చుచున్నది. కావున దానిని విచారించు బాధ్యత పౌరులందరిదియు నని మా యభిప్రాయము.

1839లో గుస్తావ్ రోజ్ అను జర్మను పండితుడు ఉరల్ పర్వతముల ఖనిజ మొకదానికి పెరోవ్‌స్కైట్ అని పేరిడెను. అందలి పరమాణువుల కూర్పును బోలిన కూర్పులో, సీసము అయొడిన్‌ల పంజరమున చిన్న కర్బనపు టణువు నిమిడ్చి, 1978లో డీటర్ వెబర్ నూతన స్ఫటికములను దయారుచేసెను. సేంద్రియము, నిరింద్రియము ఒకే గూట కాపురముండుటచే దీనిని సంకర అర్ధవాహక మందురు.

2009లో జపానున మియాసాకా బృందము దీనితో సౌరఘటమును నిర్మించినప్పుడు, పైబడిన వెలుగులో నూటికి 3.8 వంతులే విద్యుత్తయ్యెను. నేడు ప్రయోగశాలలలో అది 26 వంతులు దాటినది. 1954లో నూటికి 6 వంతులతో బయలుదేరిన సిలికాన్‌కు ఈ మెట్టెక్కుటకు అరువదియేండ్లు పట్టెను. 2014లో కేంబ్రిడ్జి పరిశోధకులు ఈ స్ఫటికముచేతనే విద్యుత్తును వెలుగుగా మార్చి చూపిరి.

సిలికాన్‌ను కరగించుటకు 1400 డిగ్రీలకు మించిన వేడి కావలయును. ఈ స్ఫటికమునో, ద్రావకమున గలిపి గాజుపై పూతబూసి 100 డిగ్రీల ప్రాంతమున ఆరబెట్టిన జాలును. ఇంత సులభమైన విద్య మన కళాశాలలకు అందనిది కాదు.

అయినను దోషములు రెండు గలవు. తేమ సోకిన నిది చెడును. చెడినప్పుడు వెలువడు సీసపులవణము నీట కరగును. చదరపు మీటరునకు సీసము గ్రామునకు లోపే. కాని లక్షల కప్పులమాట యేమి? పగిలిన ఫలకముపై గురిసిన వాన యెవరి బావి జేరును? సీసము పసిబిడ్డల మెదడునకు జేయు హాని లోకవిదితము. సీసమునకు మారుగా తగరమును వాడి చూచుచున్నారు గాని, అది గాలి సోకినంతనే చెడుచున్నది.

2022 నాటి ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమములలో సౌరఫలకములు చేర్చబడినవి. సంతోషమే. అంతటితో దృప్తి చెందరాదు. ఫలకమును పగులగొట్టి వానలో నుంచి పరీక్షించిన పిదపనే అమ్మకమునకు అనుమతింపవలయును. పాతబడినదానిని తిరిగి గొనిపోవు పూచీ తయారుచేసినవానిపై నుండవలయును. హాని కలిగిన పిదప న్యాయస్థానమున కెక్కు పేదవాడు, తన బావిలోని సీసము ఏ కప్పునుండి వచ్చెనో యెట్లు ఋజువు చేయగలడు?

యువకులారా! సీసము లేని స్ఫటికమును వెదకుడు. అది దొరకువరకు, ఉన్న సీసమునకు కాపలా యుండు శాసనమును గోరుడు. ఈ రెండవ పనిలో మేమును మీ వెంట నుందుము.