మార్చి 20: మన క్యాలెండర్లో నీళ్ల రోజు

(రాజోలు వైపు ఒక పేటలో, అంబేద్కర్ బొమ్మ దగ్గర మార్చి 20 సాయంత్రం జరిగిన సభలో ఒక ఉపాధ్యాయ మిత్రుడు చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచీ పనిచేసి వచ్చారు. కొందరు పొయ్యి మీద ఎసరు పెట్టి మరీ వచ్చారు. ఎక్కువసేపు కూర్చోబెట్టం.

మన ఇళ్లలో గోడకు క్యాలెండరు ఉంటుంది. ఎరువుల కొట్టువాడు ఇచ్చిందో, చర్చిలో ఇచ్చిందో, ఎల్ఐసీ ఏజెంటు ఇచ్చిందో. అందులో అమావాస్య ఉంటుంది, పున్నమి ఉంటుంది, రాహుకాలం ఉంటుంది. పాల లెక్కా, గ్యాసు బండ వచ్చిన తేదీ మనమే రాసుకుంటాం. ఇవాళ పొద్దున మా ఇంట్లో క్యాలెండరు చూస్తే 20వ తేదీ గడిలో ఏమీ లేదు. మేము బడిపంతుళ్లం గదా, ఖాళీ కనబడితే పూరించమంటాం. అందుకే ఈ గడిలో ఏం రాసుకోవాలో మీతో చెబుదామని వచ్చాం.

ఏటా మార్చి 20, 21 తేదీల్లో సూర్యుడు భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఉంటాడు. పగలూ రాత్రీ ఇంచుమించు సమానం. బడిలో ఈ పాఠం చెబుతుంటే ఒక పిల్ల లేచి, “అయితే ఇవాళ ఎవరికీ ఎక్కువా తక్కువా ఉండదా మాస్టారూ?” అని అడిగింది. సూర్యుడికి ఉండదమ్మా, అన్నాం. అంతకంటే ఏం చెప్పగలం?

ఇంకో సంగతి. 2010 నుంచి ఈ రోజును ప్రపంచ పిచ్చుకల దినంగా జరుపుతున్నారు. మన కోనసీమలో కొత్త పంట రాగానే వరికంకులు కుచ్చుగా కట్టి చూరుకు వేలాడదీసే అలవాటు ఉంది. పిచ్చుక వాటి మీద వాలి నాలుగు గింజలు తిని, ఏ చెరువులో బుద్ధిపుడితే ఆ చెరువులో నీళ్లు తాగుతుంది. అది తాగిందని చెరువును శుద్ధి చేసినవాడు లేడు. గేదె తాగినా, కుక్క తాగినా చెయ్యలేదు. మనిషి తాగితే చేశారు. అది జరిగింది కూడా మార్చి 20 నాటి సంగతి తర్వాతే.

మహారాష్ట్రలో మహాడ్ అని ఒక ఊరు. అక్కడ చవదార్ చెరువు. ఊరందరిదీ, ఒక్క అంటరానివాళ్లది తప్ప. 1923 ఆగస్టు 4న బొంబాయి శాసన మండలి ఒక తీర్మానం చేసింది. సర్కారు సొమ్ముతో కట్టిన, నడిచే చెరువులూ బావులూ సత్రాలూ బడులూ అంటరానివాళ్లు కూడా వాడుకోవచ్చని. తెచ్చినాయన ఎస్.కె. బోలే. మరుసటేడు మహాడ్ మున్సిపాలిటీ కూడా చెరువు అందరికీ తెరిచామని తీర్మానించింది. కాగితం మీద చెరువు తెరుచుకుంది. గట్టు మీద తెరుచుకోలేదు. మూడేళ్లు గడిచినా మనవాళ్లలో ఒక్కడు దోసిలి ముంచలేకపోయాడు.

1927 మార్చి 19, 20 తేదీల్లో అక్కడ మహాసభ పెట్టారు. ఊరి నిండా నీళ్లున్నాయి, సభకు వచ్చినవాళ్లు తాగడానికి మాత్రం నలభై రూపాయలు పోసి నీళ్లు కొనుక్కోవాల్సి వచ్చింది! ఆ కాలపు నలభై రూపాయలండీ. రెండో రోజు, అంటే ఇదే మార్చి 20న, బాబాసాహెబ్ ముందు నడిచారు. అప్పటికి ఆయనకు ముప్పై ఆరేళ్లు కూడా నిండలేదు. వెనక వేలమంది వరసగా నడిచారు. చెరువులో దిగి దోసిలితో నీళ్లు తాగారు. అంతే. వాళ్లు ఎవరినీ కొట్టలేదు, ఏదీ విరగ్గొట్టలేదు.

ఆ తర్వాత ఏం జరిగింది? వీళ్లు గుళ్లోకి కూడా వస్తారని పుకారు లేపారు. అన్నం తింటున్నవాళ్లనీ, ఇళ్లకు పోతున్నవాళ్లనీ కర్రలతో కొట్టారు. నూట ఎనిమిది కుండలతో పేడా, పంచితమూ, పాలూ, పెరుగూ కలిపి పోసి చెరువును శుద్ధి చేశారు. ఆ ఆగస్టులోనే మున్సిపాలిటీ తన తీర్మానం తనే రద్దు చేసుకుంది. డిసెంబరు 25న బాబాసాహెబ్ మళ్లీ అక్కడే మనుస్మృతిని తగలబెట్టించారు. చెరువు మన హక్కని హైకోర్టు తేల్చింది 1937 మార్చి 17న. 1923 తీర్మానం నుంచి లెక్కేస్తే దోసెడు నీళ్లకు పద్నాలుగేళ్లు!

ఇది ఎక్కడో మహారాష్ట్ర కథ అనుకోకండి. మనది గోదావరి పాయల మధ్య నేల. గౌతమి ఒక పక్క, వసిష్ఠ ఒక పక్క, నడుమ వైనతేయ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలొచ్చాయి. వైనతేయ మీదుగా కాలువనే దాటించారు, పి. గన్నవరం అక్విడక్టు మీద. నదిని దాటిన నీరు కులాన్ని దాటలేదు. ఎగువ రేవు ఊరిది, దిగువ రేవు పేటది. వాళ్లు స్నానాలు చేసి, గేదెల్ని కడిగి వదిలిన నీళ్లే మన బిందెల్లోకి వచ్చేవి. ఇక్కడ కూర్చున్న ముసలమ్మలను అడగండి, చెబుతారు.

కారంచేడు మాత్రం ఏమిటి? 1985 జూలైలో మాదిగల మంచినీళ్ల చెరువులో గేదెల కుడితి బకెట్లు కడుగుతుంటే వద్దన్నారు. కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మర్నాడు, జూలై 17న, ఊరి భూస్వాములు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. నీళ్లు పాడుచెయ్యొద్దన్నందుకు! ఆ నెత్తుటి తర్వాతే దళిత మహాసభ పుట్టింది. 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. మన మంచినీళ్లు పాడుచేయడం నేరమని అందులో రాసి ఉంది. గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు మళ్లీ మన గడి దగ్గరకు వద్దాం. 2018. తేదీ మార్చి 20. సుప్రీంకోర్టు ఆ చట్టం కోరలు పీకుతూ తీర్పు ఇచ్చింది. కేసు పెట్టేముందు విచారణ చెయ్యొచ్చని, అరెస్టుకు పై అధికారి అనుమతి కావాలని. మహాడ్ చెరువులో దిగిన రోజే! ఏప్రిల్ 2న దేశమంతా బంద్ జరిగింది. ఉత్తరాదిన మనవాళ్ల ప్రాణాలు పోయాయి. ఆ కదలిక చూశాకే ఆగస్టులో పార్లమెంటు చట్టాన్ని సరిచేసింది. 2020 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందంది.

ఇందులో మనం నేర్చుకోవాల్సింది ఒకటే. ఇచ్చిన హక్కును వాడకపోతే అది కాగితం. వాడితే హక్కు. వాడటం మానేస్తే మళ్లీ లాక్కుంటారు.

ఇక మన ఊరి మాట. 2022లో మన జిల్లాకు బాబాసాహెబ్ పేరు పెడతామంటే మే 24న అమలాపురం తగలబడింది. మంత్రి ఇల్లూ, ఎమ్మెల్యే ఇల్లూ కాలాయి. అయినా పేరు నిలిచింది. సంతోషం. ఆ పేరు బోర్డు మీద ఉంది. మరి మన పేట కుళాయిలో నీళ్లు ఉన్నాయా? పైపు ముందు ఊరంతా తిరిగి చివరికి మన దగ్గరకు వస్తుంది. అప్పటికి ట్యాంకు ఖాళీ. ఆడపిల్లలు బడి మానేసి బిందె పట్టుకుని నిలబడుతున్నారు. హాజరు పట్టీలో ఆ గైర్హాజరు వేసేది మేమే. ఎర్ర సిరాతో గీత గీసినప్పుడల్లా మాకు తెలుస్తుంది, అది పిల్ల తప్పు కాదని.

దాళ్వా కోతలొస్తున్నాయి. తర్వాత కాలువలు కట్టేస్తారు. కట్టేసేలోపు చెరువులు నింపుకోవాలి. ఏటా ఊరి చెరువు నిండాక పేట చెరువు గుర్తొస్తుంది, అప్పటికి కాలువలో నీళ్లుండవు.

అందుకని కాగితం రాసుకొచ్చాం. అడిగినవి మూడే. కాలువ కట్టేసేలోపు పేట చెరువు నింపాలి. రోజు మార్చి రోజు మన పేటకు ముందు నీళ్లు వదలాలి. చెరువు గట్టుకు కంచె వెయ్యాలి. రేపు పొద్దున తొమ్మిదింటికి పంచాయతీ ఆఫీసుకు వెళదాం. మగాళ్లు నలుగురు పోయి వంగి దణ్ణం పెట్టి రావడం కాదు. బిందె మోసేది ఆడవాళ్లు, ముందు వాళ్లు నడవాలి. ఖాళీ బిందెలు తీసుకురండి. ఎవరినీ ఒక మాట అనొద్దు. కాగితం ఇచ్చినట్టు రసీదు తీసుకునే తిరిగొద్దాం.

ఇంటికి వెళ్లాక క్యాలెండరు దించి, 20వ గడిలో “మహాడ్, నీళ్ల రోజు” అని పిల్లల చేత రాయించండి. 21వ గడిలో “పంచాయతీ, 9 గంటలు” అని రాయించండి. మొదటిది చదివినవాళ్లు రెండోదానికి రావాలి.

జై భీమ్!