చందా బాకీ
(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఐదింటితో ముగిస్తాను.

పోయిన వేసవిలో మా మనవరాలు అమెరికా నుంచి వచ్చింది. ‘స్లేట్’ అనే పత్రిక చూపించింది. కాగితం మీద కాక కంప్యూటర్లో చదువుకోవడానికే పుట్టిన పత్రిక అది. రాజకీయాలు, కోర్టు తీర్పులు, పుస్తకాలు, సినిమాలు అన్నీ ఉంటాయి. దానికి ఈ పిల్ల డబ్బు కడుతోందట.

“ఊరికే దొరికేవి బోలెడుండగా డబ్బెందుకమ్మా?” అన్నాను.

“అందరూ అలాగే అనుకుంటే రాసేవాళ్లకి జీతాలెవరిస్తారు తాతయ్యా?” అంది.

ఆ పత్రికను 1996లో మైక్రోసాఫ్ట్ కంపెనీ సొమ్ముతో, మైకేల్ కిన్స్‌లీ సంపాదకత్వంలో ప్రారంభించారు. 1998లో ఏడాదికి 19.95 డాలర్ల చందా పెట్టారు. చాలినంతమంది కట్టలేదు. 1999లో ఎత్తేశారు. తర్వాత పత్రిక చేతులు మారింది. 2014లో మళ్లీ పాఠకుల దగ్గరకే వచ్చి, ‘స్లేట్ ప్లస్’ పేరుతో సభ్యత్వం పెట్టారు.

వింటుంటే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు గుర్తొచ్చారు. 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక, 1924లో భారతి స్థాపించారు. వాటికి అమృతాంజనం లాభాలే అండ. వారికి కంప్యూటర్ల కంపెనీ, మనకు తలనొప్పి మందు!

ఇక నా సంగతి. 1970ల్లో మా సెక్షన్ సూపరింటెండెంటుగారు భారతి తెప్పించేవారు. టపాలో రాగానే ఆయనకంటే ముందు నేనే రేపరు విప్పేవాణ్ణి. “నువ్వూ చందా కట్టవోయ్” అనేవారు. “వచ్చే ఇంక్రిమెంటుకి కడతానండీ” అనేవాణ్ణి. ఇంక్రిమెంట్లు వచ్చాయి, ప్రమోషనూ వచ్చింది. చందా మాత్రం కట్టలేదు. టీకీ, కిళ్లీకీ ఏనాడూ వెనకాడింది లేదు.

1991లో భారతి ఆగిపోయింది. అయ్యో అన్నవాళ్లలో నా గొంతే పెద్దది. అప్పటికి రిటైరైన సూపరింటెండెంటుగారు బజార్లో కనబడి, “ఎన్నేళ్లు చదివావు? ఎంత కట్టావు?” అన్నారు. తల దించుకున్నాను. నా ఒక్కడి చందాతో భారతి నిలిచేది కాదని తెలుసు. కాని నాలాంటివాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉండి ఉంటారు.

మనవరాలు వెళ్లిన నెల, ఒకటో తారీఖున పింఛను పడగానే ఒక తెలుగు మాసపత్రికకు ఏడాది చందా పంపాను. ఆయనకు చెబుదామంటే ఆయన లేరు.

మన సంఘ పత్రికకు బాకీ ఉన్నవారు ఈ సభలోనూ ఉన్నారు. పేర్లు చదవను. కోశాధికారిగారు గుమ్మం దగ్గరే కూర్చున్నారు.

సెలవు.